అల ఎవరిది? సర్ఫింగ్ మొదలుపెట్టిన పిల్లలకు నీళ్లలో పద్ధతులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పన్నెండేళ్ల అమ్మాయి, పదిహేనేళ్ల అబ్బాయి మూడు వారాలు నురగలో, అంటే ఒడ్డు దగ్గర విరిగిపోయిన అలల్లో, నేర్చుకుని, ఇప్పుడు పెద్దవాళ్లు కూర్చునే చోటికి వెళ్తున్నారు. మొన్న అమ్మాయి ఒక మంచి అల పట్టుకుని లేచి నిలబడిందో లేదో, వెనక నుంచి ఒకాయన గట్టిగా అరిచాడు. ఏం తప్పు చేసిందో తనకి అర్థం కాలేదు, మర్నాడు నీళ్లలోకి రానని కూర్చుంది. అసలు సర్ఫింగ్‌లో మర్యాదలంటూ ఏమున్నాయి, పిల్లల సరదా చెడకుండా అవి ఎలా నేర్పాలి అని మీ ప్రశ్న.

ముందు ఆ అరుపు సంగతి. మీరు రాసినదాన్ని బట్టి అది డ్రాప్-ఇన్. అంటే ఒకరు అప్పటికే అల మీద వస్తుండగా, వాళ్ల దారిలోకి ఇంకొకరు దిగడం. ఆయన అరిచిన తీరు బాగాలేకపోవచ్చు, కానీ అరవడానికి కారణం ఉంది. అల మీద వస్తున్న మనిషికి బ్రేకులు ఉండవు. ఎదురుగా ఎవరైనా దిగితే ఆయనకి మిగిలేవి రెండే దారులు: విరుగుతున్న నీళ్లలోకి దూకడం, లేదా ఎదుటివాళ్లని గుద్దడం. బోర్డు కింద రెక్కల్లాంటి మూడు ఫిన్లు ఉంటాయి, అంచులు పలచగా ఉంటాయి. ఆ అరుపుకి పాప ఉలిక్కిపడి ఉంటుంది. కానీ అరవకుండా ఊరుకుని ఉంటే గుద్దుకునేవాళ్లేమో.

సర్ఫింగ్ మర్యాదల గురించి చెప్పేవాళ్లు పది పదిహేను నియమాల జాబితా ఇస్తారు. పిల్లలు దాన్ని బళ్లో పద్యం లాగా అప్పచెప్పేస్తారు, నీళ్లలోకి దిగాక ఒక్కటీ గుర్తుండదు. నా అభిప్రాయంలో పిల్లలకు నేర్పాల్సినవి రెండే: అల ఎవరిదో చూడటం, తనది కాని అల మీద నుంచి ఆగిపోగలగడం. మొదటిది కంటికి సంబంధించింది, రెండోది బోర్డు మీద అదుపుకి సంబంధించింది. రెండోది రాని పిల్లకి మొదటిది ఎంత బాగా తెలిసినా లాభం లేదు. తప్పు చేస్తున్నానని తెలుస్తూనే ఉంటుంది, ఆగడం చేతకాదు. అందుకే లైనప్‌కి, అంటే పెద్దవాళ్లు అల కోసం కూర్చునే చోటికి, వెళ్లే అర్హత అంటే నిలబడటం కాదు, ఆగడం అంటాను.

అల ఎవరిదో తేల్చడం కష్టమేమీ కాదు. అల ఒకేసారి మొత్తం పొడవునా విరగదు. ఎక్కడో ఒకచోట మొదట శిఖరం లేచి విరుగుతుంది, దాన్ని పీక్ అంటారు. అక్కడి నుంచి విరుగుడు పక్కకి పాకుతూ పోతుంది. ఇంకా విరగని, నున్నగా వాలుగా ఉండే భాగం షోల్డర్. సర్ఫర్ వెళ్లేది ఆ విరుగుడుకి కాస్త ముందుగా, షోల్డర్ వైపు. కాబట్టి పీక్‌కి అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్లదే ఆ అల. షోల్డర్ మీద ఉన్నవాళ్లు ఎంత ముందుగా లేచినా సరే, పీక్ వైపు నుంచి ఇంకొకరు వస్తుంటే వాళ్లు వదిలేయాలి. పీక్ నుంచి రెండు వైపులా విరిగే అల అయితే ఇద్దరికి చోటుంటుంది, ఒకరు ఎడమకి, ఒకరు కుడికి. అలాంటప్పుడు నోరు విప్పి ‘లెఫ్ట్’ అనో ‘రైట్’ అనో చెప్పేయాలి. మొహమాటపడి ఊరుకుంటే ఇద్దరూ ఒకే వైపు తిరుగుతారు.

ఇక్కడ కుడి ఎడమల తిరకాసు ఒకటి ఉంది. లెఫ్ట్, రైట్ అనేవి ఒడ్డు వైపు మొహం పెట్టి అల మీద వస్తున్న మనిషి లెక్కన. ఒడ్డు మీద నిలబడి చూసే మీకు అది తిరగబడి కనిపిస్తుంది. మీరు ఒడ్డు నుంచి ‘కుడికి పో’ అని కేక వేస్తే పాప వెళ్లాల్సిన వైపుకి సరిగ్గా ఎదురు చెప్పినట్టు అవుతుంది. ఇంకో తిరకాసు ‘లోపల’ అనే మాటతో. మనం సముద్రంలో లోపలికి అంటే ఒడ్డుకి దూరంగా అని అర్థం. సర్ఫర్లు ‘ఇన్‌సైడ్’ అన్నప్పుడు ఒడ్డు వైపు అని, ఒక్కోసారి పీక్‌కి దగ్గరి వైపు అని. రెండు భాషల్లో వినే పిల్లలు ఇది కలగలిపేసుకుంటారు. ఒకసారి కూర్చోబెట్టి విడమరిచి చెప్పండి.

ఇసుక మీద అభ్యాసం ఇలా చేయించండి. కర్రతో మూడు మీటర్ల గీత గీసి, దాని మీద ఒకచోట గుండ్రంగా చుట్టండి, అది పీక్. గీత పొడవునా అటూ ఇటూ నాలుగు గవ్వలు పెట్టండి, అవి మనుషులు. ఏ గవ్వకి ఏ వైపు వెళ్లే హక్కుంది, ఎవరు వదిలేయాలి అని అడగండి. గవ్వలు జరుపుతూ ఇరవై సార్లు అడిగితే చాలు, మూడో సారికే పిల్లలు మీ తప్పులు పట్టడం మొదలుపెడతారు. ఆ తర్వాత ఒక్క వాక్యం కంఠతా పట్టించండి: కుడికి వెళ్లాలంటే ముందు ఎడమకి చూడాలి, ఎడమకి వెళ్లాలంటే ముందు కుడికి చూడాలి. ఎందుకంటే పీక్ ఎప్పుడూ మనం వెళ్లే వైపుకి ఎదురు వైపున ఉంటుంది, వచ్చే మనిషీ అటు నుంచే వస్తాడు.

పిల్లలు ఈ చూపులోనే తప్పుతారు. అల వెనక నుంచి లేస్తుంటే వాళ్ల కళ్లు బోర్డు ముక్కు మీద అతుక్కుపోతాయి. పాడిల్ చేసేటప్పుడు, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసేటప్పుడు, చూపు మూడు సార్లు తిరగాలి: బోర్డు ఒడ్డు వైపు తిప్పుకోగానే ఒకసారి, మూడో నాలుగో తోపు దగ్గర ఇంకోసారి, చేతులు బోర్డు మీద ఆన్చి లేవబోయే ముందు ఆఖరిసారి. ఆ ఆఖరి చూపే ముఖ్యం. మొదటిసారి చూసినప్పుడు లేని మనిషి ఈ మూడు సెకన్లలో వచ్చి ఉండొచ్చు. ఇంకొకటి: పీక్ వైపున ఒక సర్ఫర్ నురగ వెనక చిక్కుకుని కనిపిస్తే ‘అతను అయిపోయాడులే’ అనుకుని దిగేస్తారు. నేర్పరి అయిన సర్ఫర్ ఆ నురగని దాటుకుని మళ్లీ బయటికి వస్తాడు. అతను పడటం కంటితో చూశాకే అల ఖాళీ అయినట్టు.

ఇక ఆగడం. ఇది నురగలో ఉన్నప్పుడే నేర్పాలి, కానీ చాలామంది శిక్షకులు లేచి నిలబడటం నేర్పే హడావిడిలో దీన్ని వదిలేస్తారు. ఇంకా పడుకునే ఉంటే పద్ధతి సులువు: రెండు చేతులతో బోర్డు అంచులు పట్టుకుని, ఒళ్లు ఒక జానెడు వెనక్కి జరిపి, కాళ్లు రెండు పక్కలా నీళ్లలోకి వదిలి లేచి కూర్చోవాలి. బరువు తోక మీద పడి ముక్కు పైకి లేస్తుంది, అల కింద నుంచి జారిపోతుంది. ఆలస్యంగా లాగితే, అంటే బోర్డు అప్పటికే వాలు మీద ఉంటే, కూర్చున్న మనిషిని అల ముందుకి విసిరేస్తుంది. అందుకే నిర్ణయం త్వరగా జరగాలి, అనుమానం వస్తే ఆగడమే జవాబు అనుకోవాలి.

నిలబడ్డాక ఆగాల్సి వస్తే వెనక కాలు మీద బరువు వేసి, బోర్డుని అల పైకి, షోల్డర్ వైపు తిప్పి అల వీపు మీదుగా అవతలికి దాటాలి. దీన్నే కిక్-అవుట్ అంటారు. అంత తిప్పడం ఇంకా రాకపోతే బోర్డుని సూటిగా ఒడ్డు వైపు పెట్టి, వంగి అంచులు పట్టుకుని పొట్ట మీద పడుకోవాలి. అప్పుడు అల గోడ మీద వస్తున్న మనిషికి దారి దొరుకుతుంది. చేయకూడనిది ఒక్కటే: భయపడి బోర్డు వదిలేసి పక్కకి దూకడం. నడిపేవాళ్లు లేని బోర్డు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు, గుద్దితే మనిషి కంటే గట్టిగా గుద్దుతుంది.

లైనప్‌కి పంపే ముందు ఇవి చూడండి. కొలతలు నావి, అనుభవం మీద పెట్టుకున్నవి. నురగలో పది సార్లు ఎక్కితే ఎనిమిది సార్లు మీరు చేయి ఎత్తగానే ఆగగలగాలి. ఎడమకీ కుడికీ కాస్తయినా తిప్పగలగాలి. పదిహేను నిమిషాలు ఆపకుండా పాడిల్ చేయగలగాలి. ఎదురొచ్చే నురగ అయిదు సార్లు దాటితే అయిదు సార్లూ బోర్డు చేతిలోనే ఉండాలి. బోర్డు లేకుండా రెండు వందల మీటర్లు ఈదగలగాలి, లీష్, అంటే బోర్డుని కాలికి కట్టి ఉంచే తాడు, తెగితే ఒడ్డుకి చేర్చేది ఈతే కాబట్టి. మీ అబ్బాయి బహుశా పాసవుతాడు. అమ్మాయి ఏ ఒక్కదాంట్లో తప్పినా ఇంకో వారం నురగలో ఆడనివ్వండి. దాన్ని శిక్షలాగా చెప్పకండి.

ఆ నురగ దాటడం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లోపలికి వెళ్లే దారిలోనే సగం గొడవలు అవుతాయి. పిల్లల చేతుల్లో ఉండే ఏడెనిమిది అడుగుల ఫోమ్ బోర్డు నీళ్లలో మునగదు, దానిలో తేలే గుణం ఎక్కువ. కాబట్టి పొట్టి బోర్డు వాళ్లు చేసే డక్ డైవ్, అంటే బోర్డుని నీళ్ల కిందకి నొక్కి అల అడుగు నుంచి దూరడం, వీళ్లకి కుదరదు. వీళ్లకి ఉన్నది టర్టిల్ రోల్. నురగ రెండు మీటర్ల దూరంలో ఉండగా బోర్డు ముక్కు దానికి సూటిగా పెట్టాలి. ఛాతీ పక్కగా రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, ఊపిరి పీల్చి, బోర్డుతో పాటు తిరగబడాలి. ఇప్పుడు బోర్డు పైన, మనిషి కింద. బోర్డుని ఒంటికి దగ్గరగా లాక్కుని, ముక్కుని కొంచెం నురగలోకి తోయాలి. హోరు దాటగానే కాళ్లతో ఒక్క తన్ను తన్ని మళ్లీ పైకి తిరగాలి. ముక్కు పక్కకి ఉంటే అల బోర్డుని అడ్డంగా పట్టి చేతుల్లోంచి లాగేస్తుంది. చేతులు బిగదీసి బోర్డుని మొహానికి ఎదురుగా చాచి పట్టుకుంటే అది తిరిగొచ్చి ముక్కుకి తగులుతుంది. ఈ రెండు పొరపాట్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

బోర్డు వదిలేయడం ఎందుకంత తప్పో లెక్కేసి చూపించండి, పిల్లలకు లెక్క బాగా ఎక్కుతుంది. లీష్ సాధారణంగా బోర్డు పొడవంత ఉంటుంది. ఎనిమిది అడుగుల లీష్, దాని చివర ఎనిమిది అడుగుల బోర్డు, వెరసి పదహారు అడుగులు. లాగినప్పుడు లీష్ ఇంకా సాగుతుంది. అంటే పాప బోర్డు వదిలేసిన క్షణంలో తన వెనక పదహారు అడుగుల్లో ఉన్న ప్రతి తలా ప్రమాదంలో ఉన్నట్టే. అందుకే ఎవరి వెనకా నేరుగా పాడిల్ చేయకూడదు, పక్కకి కనీసం రెండు బోర్డుల దూరం ఉండాలి.

లీష్ అనే వస్తువు వాడుకలోకి వచ్చిందే 1970ల మొదట్లో. అంతకు ముందు పడినవాళ్లు ఒడ్డు దాకా ఈది బోర్డు తెచ్చుకునేవాళ్లు. అందువల్ల బోర్డు వదలకపోవడం అనేది మర్యాద కంటే ముందు సొంత అవసరం. లీష్ వచ్చాక బోర్డు తప్పిపోదన్న ధీమాతో చేయి వదిలేయడం అలవాటైంది. తొలి లీష్‌లు రబ్బరులా సాగే గొట్టంతో చేసేవాళ్లు. అలాంటి ఒక లీష్ సాగి వెనక్కి లాగితే బోర్డు తిరిగొచ్చి తగిలి, వెట్‌సూట్‌లకి (చల్లటి నీళ్లలో వేసుకునే రబ్బరు దుస్తులకి) పేరుబడ్డ జాక్ ఓనీల్ ఎడమ కన్ను పోయింది. ఇప్పటి లీష్‌లు అంతగా సాగవు. కానీ పడ్డాక బోర్డు తిరిగి మీదకి రావడం మాత్రం మారలేదు.

లీష్‌ని వెనక కాలి చీలమండకి కట్టాలి. తీగ కాలి బయటి వైపుకి, వెనక్కి ఉండేలా పట్టీ బిగించాలి, లేకపోతే నిలబడేటప్పుడు కాళ్లకి చుట్టుకుంటుంది. పట్టీలో ఇసుక చేరితే అతుకు పట్టదు, ప్రతిసారీ కడగాలి. బోర్డు చివర లీష్‌ని పట్టి ఉంచే చిన్న తాడు పొడవు ఎంతుండాలంటే, దాని తర్వాత వచ్చే వెడల్పాటి పట్టీయే బోర్డు అంచుకి తగలాలి. సన్న తాడు పొడవెక్కువై అంచు దాకా వస్తే గట్టిగా లాగినప్పుడు అది బోర్డుని కోసేస్తుంది. తీగ మీద గోరంత కోత కనిపించినా మార్చేయండి.

లోపలికి వెళ్లే దారి ఎప్పుడూ అలలు విరగని చోటు నుంచి. పక్కన చానెల్, అంటే లోతు ఎక్కువై అలలు విరగని దారి, ఉంటే దాని గుండా, లేకపోతే జనం ఎక్కే చోటుకి దూరంగా చుట్టు తిరిగి. చుట్టు తిరిగితే రెండు నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు, నురగ మధ్య నుంచి కొట్టుకుంటూ పోవడంతో పోలిస్తే ఒంటికి శ్రమ తక్కువే. తప్పనిసరిగా ఎవరైనా వస్తున్న అలకి ఎదురుపడితే, వాళ్ల వెనక్కి, అంటే నురగ వైపుకే పాడిల్ చేయాలి. ఇది పిల్లల మనసుకి పూర్తిగా ఎదురు తిరుగుతుంది. నున్నటి షోల్డర్ వైపు తప్పించుకుందామని చేతులు అటే పోతాయి. కానీ వచ్చేవాళ్ల దారీ అదే. నురగ నెత్తిన పడుతుంది, టర్టిల్ రోల్ చేయాల్సి వస్తుంది, నిజమే. అల మీద ఉన్నవాళ్ల దారి పాడు చేయకుండా దెబ్బ మనం తినడం ఇక్కడి రివాజు. నిర్ణయించుకోలేకపోతే అటూ ఇటూ తడబడకుండా ఉన్నచోటే ఆగిపోవడం మేలు. ఆగిన వస్తువుని తప్పించుకోవడం సర్ఫర్‌కి తెలుసు. కదిలి, ఆగి, మళ్లీ కదిలే వస్తువుతోనే ఇబ్బంది.

పడటం కూడా ఇతరులకు సంబంధించిన పద్ధతే. అల తన ఎత్తుకి సుమారు 1.3 రెట్లు లోతున్న చోట విరుగుతుంది. మీటరు అల అంటే అక్కడ లోతు మీటరుం పావుకి కాస్త ఎక్కువ, ఇంకాస్త ఒడ్డుకి వస్తే అదీ ఉండదు. తల ముందుగా దూకితే మెడ ఇసుకకి తగులుతుంది. వెల్లకిలాగానో పక్కకో, ఒళ్లు పరిచి, బోర్డుకి దూరంగా, సముద్రం వైపుకి పడాలి. నీళ్ల కింద ఉండగానే రెండు చేతులూ తల చుట్టూ మోచేతులు ముందుకి వచ్చేలా కప్పుకోవాలి. పైకి వచ్చేటప్పుడు తలకంటే ముందు చేయి రావాలి. లేచిన వెంటనే సముద్రం వైపు చూడాలి, ఒడ్డు వైపు కాదు. తర్వాతి అల అటు నుంచే వస్తుంది.

పీక్‌కి దగ్గరగా ఉన్నవాళ్లదే అల అన్న నియమాన్ని పట్టుకుని, దొంగదారిన దాన్ని వాడుకునేవాళ్లు ఉంటారు. పక్కవాళ్లు వంతు కోసం కూర్చుని ఉండగా, వాళ్ల వెనక నుంచి చుట్టు తిరిగి పీక్‌కి ఇంకాస్త దగ్గరగా వెళ్లి కూర్చోవడం. దీన్ని స్నేకింగ్ అంటారు, పేరుకి తగ్గట్టే ఉంటుంది. పైకి చూస్తే నియమం ప్రకారమే ఉంది, కానీ బస్సు కోసం నిలబడ్డవాళ్లని దాటుకుని ముందుకి పోవడం లాంటిది. చురుకైన పదిహేనేళ్ల కుర్రాళ్లు దీన్ని తెలియకుండానే చేస్తారు. ఒంట్లో ఓపిక ఉంటుంది, అల దిగగానే గబగబా పాడిల్ చేసుకుంటూ నేరుగా పీక్ దగ్గరికే పోతారు. ఒక అల ఎక్కి వచ్చినవాళ్లు వెళ్లి వరసలో చివర కూర్చోవాలి. వంతు వచ్చినప్పుడు పాడిల్ చేసి అందుకోలేకపోయినా ఆ వంతు అయిపోయినట్టే. తమకంటే చిన్న, తక్కువ తేలే బోర్డు ఉన్నవాళ్లు పక్కన ఉంటే మీ పిల్లలకి ఇది ఇంకా వర్తిస్తుంది. పెద్ద ఫోమ్ బోర్డు అలని చాలా ముందుగానే అందుకుంటుంది, కావాలనుకుంటే ప్రతి అలా వాళ్లే ఎక్కేయొచ్చు. మూడింట్లో ఒకటి వదిలేయమని చెప్పండి.

అలలు ఒక్కొక్కటిగా కాక గుంపుగా, సెట్లుగా వస్తాయని వాళ్లు ఈపాటికి గమనించే ఉంటారు. మూడు నుంచి ఏడు అలలు, తర్వాత కాసేపు విరామం. సెట్‌లో మొదటి అలకే ఎగబడితే, అది తప్పిపోయినప్పుడు వెనకొచ్చే మిగతావన్నీ నెత్తిన పడతాయి. రెండోదో మూడోదో ఎంచుకున్నవాళ్లకి చోటూ దొరుకుతుంది, ముందు ఎక్కినవాళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. తొందరపడకపోవడం మర్యాద మాత్రమే కాదు, ఎక్కువ అలలు దొరికే ఉపాయం కూడా.

పోటీల్లో కూడా ఇదే న్యాయం నడుస్తుంది. ఒక్కో అలకి పది మార్కులు, మెరుగైన రెండింటిని కలిపి ఇరవైకి లెక్క. హక్కున్నవాళ్లకి అడ్డుపడితే ఆ రెండో స్కోరుని సగానికి కోసేస్తారు, ఒక్కోసారి సున్నా చేసేస్తారు. ఈ ముక్క మీ అబ్బాయికి చెప్పండి, ఆ వయసులో మర్యాద అన్న మాట కంటే మార్కులు పోతాయన్న మాట త్వరగా దిగుతుంది.

తప్పు జరిగిపోతే ఏం చేయాలి? పాప చేయాల్సింది ఇంతే: ఆయన వైపు చేయి ఎత్తి, ‘సారీ అండీ, చూడలేదు’ అనడం, తర్వాతి అల ఆయనకి వదిలేయడం. కారణాలు చెప్పకూడదు, నవ్వేసి ఊరుకోకూడదు. నూటికి తొంభై మంది ఆ చేయి చూసి చల్లబడతారు. ఒకే సెషన్‌లో రెండోసారి జరిగితే మాత్రం ఇంకో పీక్‌కి మారిపోవాలి. పెద్దవాళ్లు మితిమీరి తిట్టినా, బోర్డు మీద చేయి వేసినా, పిల్లలు అక్కడ వాదన పెట్టుకోకుండా ఒడ్డుకి వచ్చి మీకో లైఫ్‌గార్డుకో చెప్పాలి. నీళ్లలో పిల్లల మీద చేయి వేసే హక్కు ఎంత గొప్ప సర్ఫర్‌కీ లేదు, అల ఎవరిదైనా సరే. మీరు కూడా ఒడ్డు నుంచి కేకలు వేయకండి, మీ గొంతు వాళ్లకి వినబడదు, పక్కవాళ్లకి మాత్రం వినబడుతుంది.

ఇప్పుడు సరదా సంగతి. పైన రాసినదంతా చదివి సర్ఫింగ్ అంటే ట్రాఫిక్ పరీక్ష అనిపించి ఉంటుంది. కానీ ఒక గుంపు పిల్లలు నడుము లోతు అలల్లో ఆడుతుంటే ఒక పావుగంట గమనించండి. ఒకడు మొదటిసారి గ్రీన్ వేవ్, అంటే ఇంకా విరగని అల, పట్టుకుని పక్కకి జారుతూ పోతుంటే, వాడు నోరు తెరవకముందే వెనక కూర్చున్న నలుగురు ఊళలు పెడతారు. నురగలో ఒడ్డుకి సూటిగా కొట్టుకుపోవడానికీ, నున్నటి వాలు మీద పక్కకి జారడానికీ తేడా ఏమిటంటే, రెండోదాంట్లో చప్పుడు ఉండదు. బోర్డు కింద నీళ్లు చిరచిరమంటూ జారుతున్న శబ్దం మాత్రమే వినిపిస్తుంది. ఎనిమిదో పదో సెకన్లు. దిగాక పిల్లలు ఏం జరిగిందో చెప్పలేక చేతులు ఊపుతూ ఉంటారు. 1915లో సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు తన బోర్డు మీద ముందు నిలబెట్టుకుని అల ఎక్కించిన ఇసబెల్ లెథమ్ అనే అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్లు. మీ అబ్బాయి వయసే.

అలా ఒకే అల మీద ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడాన్ని పార్టీ వేవ్ అంటారు. డ్రాప్-ఇన్ నేరమైన చోట ఇది ఎలా కుదురుతుందని పిల్లలు అడుగుతారు, మంచి ప్రశ్నే. తేడా ముందు మాట్లాడుకోవడంలో ఉంది. మీ పిల్లలిద్దరూ, వాళ్ల స్నేహితులూ మాత్రమే ఉన్న పీక్ దగ్గర, అల చిన్నదిగా, మెత్తగా ఉన్నప్పుడు ‘అందరం ఎక్కుదాం’ అని అనుకోవాలి. పక్కపక్కన రెండు బోర్డుల దూరంలో ఉండాలి. పీక్‌కి దగ్గరగా ఉన్నవాళ్లు ‘పద’ అనాలి. ఎవరూ పైకీ కిందకీ మలుపులు తిప్పకుండా సూటిగా వెళ్లాలి. ముగించేటప్పుడు షోల్డర్ చివర ఉన్నవాళ్లు ముందు తప్పుకోవాలి, లేకపోతే వెనకవాళ్లు వాళ్ల మీదకి ఎక్కుతారు. ఇందులో ఎవరు ఎక్కడున్నారో చూడటం, ఆగడం, దారివ్వడం అన్నీ నవ్వుకుంటూనే వచ్చేస్తాయి. మర్యాద నేర్పడానికి ఇంతకంటే మంచి ఆట నాకు తెలియదు.

అయిదారుగురు పిల్లలు గుంపుగా లైనప్‌కి వెళ్లడం మాత్రం వద్దు. ఇద్దరిద్దరుగా విడిపోవాలి. అప్పటిదాకా వంతుల ప్రకారం నడుస్తున్న చోటికి ఒక్కసారిగా ఆరు తలలు వచ్చి చేరితే ఎంత మంచి మనిషికైనా విసుగొస్తుంది. దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున కూర్చుని చూడాలి: అలలు ఎక్కడ విరుగుతున్నాయి, జనం ఎటు నుంచి వెళ్తున్నారు, ఎంతమంది ఉన్నారు, అందరూ పొట్టి బోర్డుల వాళ్లేనా. వెళ్లాక పక్కవాళ్లని పలకరించాలి. పలకరించిన పిల్లకి అలలు దొరుకుతాయి, ఇది ఎక్కడైనా పని చేస్తుంది.

రిప్ గురించి రెండు ముక్కలు, ఇది మర్యాద కాదు, ప్రాణం సంగతి. ఒడ్డుకి చేరిన నీళ్లు తిరిగి లోపలికి పోయే సన్నటి ప్రవాహం అది. అలలు విరగకుండా నల్లగా, ప్రశాంతంగా కనిపించే చోటే తరచుగా అది ఉంటుంది. అందులో పడితే ఎదురీదకూడదు, బోర్డు వదలకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి పాడిల్ చేసి అలలు విరిగే చోటికి చేరి వాటి మీద రావాలి. చేతకాకపోతే బోర్డు మీద కూర్చుని ఒక చేయి నిటారుగా పైకెత్తి ఊపాలి. ఇంకెవరైనా అలా చేయి ఎత్తి కనిపిస్తే, ఎంత మంచి అలైనా వదిలి అటు వెళ్లాలి.

సెషన్ గంటన్నర మించనివ్వకండి. అలసిన పిల్లలు ఆఖరి చూపు మానేస్తారు, బోర్డు వదిలేస్తారు. రేపు అమ్మాయిని నేరుగా లైనప్‌కి పంపకండి. ఉదయం పూట, జనం తక్కువున్నప్పుడు, నడుము ఎత్తు దాటని అలల్లో అన్నయ్యతో కలిపి దింపండి. మొదటి అరగంట అలలు ఎక్కే పనే పెట్టుకోవద్దని చెప్పండి. పాడిల్ చేసి, ఎడమా కుడీ చూసి, లేవబోయే చివరి క్షణంలో కూర్చుని ఆగడం, అలా పది అలలు. బయటికి వచ్చాక ‘ఎన్ని ఎక్కావు’ అని కాకుండా ‘ఎన్ని ఆపావు’ అని అడగండి. పదీ ఆగాయంటే పదకొండోది ఎక్కమనండి.